వేళ్లను మాత్రమే చూశామనే వారికి

గత వేసవిలో మా సంస్థ నడిపే బాలికల హాస్టల్లో వారం రోజులు సంగీత శిబిరం పెట్టాం. ఎవరో దాత ఇచ్చిన రెండు ఎలక్ట్రిక్ గిటార్లు, ఒక చిన్న ఆంప్లిఫైయర్ స్టోర్ రూములో దుమ్ము పట్టి వున్నాయి. వాటిని బయటికి తీయించడానికే ఈ శిబిరం. చివరి రోజు సాయంత్రం పిల్లలకు చూపించడానికి ఏదైనా వీడియో కావాలని నా స్నేహితురాలి కొడుకుని అడిగాను. అతను గిటార్ బాగా వాయిస్తాడు. ఏళ్ల తరబడి వింటున్నాడు, సేకరిస్తున్నాడు. రాత్రుళ్లు కూర్చుని బ్లూస్, జాజ్, కంట్రీ, రాక్, ఫంక్, మెటల్ బాణీలన్నిటి నుంచీ ఏరి, రెండున్నర గంటల సంకలనం తయారుచేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చాడు. మొత్తం 38 ముక్కలు.

శ్రద్ధగా చేసిన సంకలనం అది. ఆ మాట ముందే చెప్పాలి. ఒక బాణీ నుంచి ఇంకో బాణీకి వెళ్లేటప్పుడు చెవికి ఎక్కడా కుదుపు తెలియలేదు. పిల్లలు కదలకుండా చూశారు. అయితే ఆ 38 ముక్కల్లో గిటార్ పట్టుకున్న స్త్రీ ఒక్కరూ లేరు. స్త్రీలు ఇద్దరు కనిపించారు. ఒకామె పాడుతోంది, ఒకామె వెనకాల ఆడుతోంది.

లైట్లు వేశాక, పదో తరగతి పరీక్షలు రాసి వచ్చిన ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఇది ఆడవాళ్లు కూడా వాయిస్తారా?" అని అడిగింది. ఆ వారం రోజులూ గిటార్‌ని భుజాన్నించి దింపని పిల్ల. వేలి కొసలు కమిలిపోయినా వదలని పిల్ల. ఆమె గొంతులో నిరసన ఏమీ లేదు. బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు అడిగింది. అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది. రెండున్నర గంటల్లో మేమే ఆ పిల్లకి ఒక పాఠం చెప్పేశాం. అది ఆమెకు వంటబట్టేసింది కూడా.

మర్నాడు ఆ అబ్బాయిని అడిగాను. అతను మూడు జవాబులు చెప్పాడు. మూడూ మర్యాదగానే చెప్పాడు. పాఠ్యప్రణాళిక సంఘాల్లో, అవార్డు కమిటీల్లో, సాహిత్య సంకలనాల ముందుమాటల్లో మనం ఎన్నోసార్లు విన్న జవాబులే అవి. అందుకే వాటిని ఒక్కొక్కటిగా తీసుకుని మాట్లాడాల్సిన అవసరం వుంది.

"ఆడా మగా చూళ్లేదు"

"నేను ఆడా మగా చూళ్లేదు పిన్నీ. వేళ్లను మాత్రమే చూశాను." ఇది మొదటి జవాబు.

వినడానికి ఎంత న్యాయంగా వుంది! ప్రతిభకి ఆడా మగా తేడా లేదనే కదా మనం కూడా అంటున్నది? అయితే ఈ వేళ్లను చూసే చూపు ఎలాంటిదో ఒకసారి పరీక్షించి చూద్దాం.

అమెరికాలో రోలింగ్ స్టోన్ అనే ప్రసిద్ధ సంగీత పత్రిక 2003లో వందమంది అత్యుత్తమ గిటారిస్టుల జాబితా వేసింది. అందులో స్త్రీలు ఇద్దరు. జోనీ మిచెల్ 72వ స్థానంలో, జోన్ జెట్ 87వ స్థానంలో. 2011లో మళ్లీ వేసింది. మళ్లీ ఇద్దరే. జోనీ మిచెల్ 75, బానీ రైట్ 89. 2023లో ఈసారి 250 మందితో వేసింది. అందులో ఆరో స్థానంలో సిస్టర్ రోజెటా థార్ప్ అనే నల్లజాతి స్త్రీ వుంది. మొదటి రెండు జాబితాల్లోనూ ఆమె పేరు ఎక్కడా లేదు. వందో స్థానానికి కూడా పనికిరాని మనిషి ఆరో స్థానానికి వచ్చింది.

ఈ ఇరవై ఏళ్లలో ఆమె సాధన చేసి మెరుగుపడిందా? ఆమె 1973లోనే చనిపోయింది.

రోజెటా థార్ప్ 1915లో ఆర్కన్సా రాష్ట్రంలోని కాటన్ ప్లాంట్ అనే ఊళ్లో, పత్తి ఏరే కూలీలకు పుట్టింది. తల్లి చర్చిలో బోధకురాలు, మాండలిన్ వాయించేది. కూతురు చిన్నతనం నుంచీ గిటార్ పట్టుకుని తల్లి వెంట తిరిగింది. 1938లో డెక్కా కంపెనీకి మొదటి రికార్డులు ఇచ్చింది. భక్తి పాటల్ని నైట్‌క్లబ్బుల్లో పాడిందని చర్చి వాళ్లు ఆమెను తప్పుపట్టారు. 1944లో ఆమె రికార్డు చేసిన భక్తి పాట ఒకటి, నల్లవాళ్ల సంగీతం కోసం బిల్‌బోర్డ్ పత్రిక వేరేగా వేసే పట్టికలో, 1945లో రెండో స్థానం దాకా వెళ్లింది. ఎల్విస్ ప్రెస్లీ, చక్ బెర్రీ మొదటి రికార్డులు ఇవ్వడానికి ఏళ్ల ముందు మాట ఇది. ఆ చక్ బెర్రీ 2003 జాబితాలో ఆరో స్థానంలో వున్నాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1986లో తన మొదటి విడతలోనే వాళ్లిద్దరికీ చోటిచ్చింది. థార్ప్‌కి ఇచ్చింది 2018లో. మధ్యలో 32 ఏళ్లు.

మరి ఆమె వేళ్లు మారకుండానే స్థానం ఎలా మారింది? చూసేవాళ్ల కళ్లు మారాయి. అవి వాటంతటవి మారలేదు. గేల్ వాల్డ్ అనే పరిశోధకురాలు పాత రికార్డులూ పాత మనుషులూ అన్నిటినీ వెతికి 2007లో ఆమె జీవితచరిత్ర రాసింది. ఫిలడెల్ఫియాలో ఆమె సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. 2008లో అభిమానులు కచేరీ పెట్టి, చందాలు వేసుకుని ఆ రాయి పెట్టించారు. ఆ తర్వాత డాక్యుమెంటరీలు వచ్చాయి. ఇంత మంది ఇంత పని చేస్తే గానీ 'వేళ్లను మాత్రమే చూసే' నిపుణులకు ఆ వేళ్లు కనిపించలేదు. కాబట్టి వేళ్లను మాత్రమే చూశాననే వాళ్లు నిజానికి చూస్తున్నది, తమకు ముందున్నవాళ్లు చూడమని చెప్పిన వేళ్లని.

కొలబద్ద ఎవరిది?

ఆ అబ్బాయి సంకలనంలో ప్రతి ముక్కా సోలోతోనే మొదలవుతుంది. మిగిలిన వాద్యాలు తగ్గుతాయి, ఒక మనిషి ముందుకొస్తాడు, వేగం పెరుగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. గిటార్ ప్రావీణ్యం అంటే ఇదేనని మనకి అలవాటు చేశారు. 1996లో జో సాట్రియానీ మొదలుపెట్టిన జి3 యాత్రల్లాంటివి ఈ అలవాటుని గట్టిపరిచాయి. ముగ్గురు వీరులు ఒకరి తర్వాత ఒకరు వేగం చూపిస్తారు, చివర్లో ముగ్గురూ కలిసి పందెం వేసుకున్నట్టు వాయిస్తారు. వాళ్ల విద్యను తక్కువ చేయడం నా వుద్దేశం కాదు. వంద రకాల విద్యల్లో ఒకదాన్నే విద్య అనడం గురించి మాట్లాడుతున్నాను.

బో డిడ్లీ పేరు గిటార్ తెలిసిన వాళ్లందరికీ తెలుసు. ఒక లయకే అతని పేరు పెట్టారు. 1957 నుంచి కొన్నేళ్లు అతని పక్కన రెండో గిటార్ వాయించింది పెగ్గీ జోన్స్. ఆమె వెళ్లాక ఆ స్థానంలోకి నార్మా జీన్ వాఫర్డ్ వచ్చింది. రెండు గిటార్లు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటే వచ్చిన మోత అది. పేరు మాత్రం ఒక్కడిది. కరోల్ కే లాస్ ఏంజలిస్‌లో జాజ్ గిటార్ వాయిస్తూ 1957లో స్టూడియోల్లోకి వెళ్లింది. తర్వాత బేస్ గిటార్‌కి మారింది. వేల రికార్డుల్లో ఆమె చేతి పని వుంది. ఆ రికార్డుల అట్టల మీద చాలావాటిలో ఆమె పేరు లేదు. 2025లో హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను ఎంపిక చేస్తే తొంభై ఏళ్ల ఆ మనిషి నాకక్కర్లేదని తిప్పికొట్టింది.

సోలోకి విలువ, రిదమ్‌కి విలువ లేకపోవడం మనకి కొత్త సంగతా? ఇంట్లో రోజూ జరిగేదే. మోసే పని కనపడదు, ఆగిపోయినప్పుడే కనపడుతుంది. ముందు నిలబడి చేసే పనికి పేరూ, వెనక నిలబడి నిలబెట్టే పనికి 'తోడు' అనే బిరుదూ దక్కుతాయి.

పోనీ, వాళ్ల కొలబద్దనే ఒప్పుకుందాం. వేగమే విద్య అనుకుందాం. జెన్నిఫర్ బాటన్ ఎక్కడికి పోయింది? ఎడమ చేత్తో తీగ నొక్కి కుడి చేత్తో మీటడానికి బదులు, రెండు చేతుల వేళ్లతోనూ గిటార్ మెడ మీదే తీగల్ని తట్టి వాయించే పద్ధతి ఒకటుంది. దాని మీద 1984లో ఆమె పాఠ్యపుస్తకమే రాసింది. 1987 నుంచి 1989 దాకా మైకేల్ జాక్సన్ ప్రపంచయాత్రలో 123 కచేరీల్లో, ఎడ్డీ వాన్ హేలెన్ రికార్డు మీద వాయించిన ప్రసిద్ధమైన సోలోని వేదిక మీద వాయించింది ఆమె. ఎడ్డీ వాన్ హేలెన్ లేని సంకలనం నేనింతవరకూ చూడలేదు. ఈ అబ్బాయి సంకలనంలోనూ అతను వున్నాడు. ఆమె లేదు. తాము పెట్టుకున్న కొలబద్దని కూడా స్త్రీల దగ్గరికి వచ్చేసరికి పక్కన పడేస్తున్నారన్నమాట.

ఇక స్త్రీని ఒప్పుకోక తప్పనప్పుడు ఏం చేస్తారు? బిగ్ బిల్ బ్రూన్జీ అనే పెద్ద బ్లూస్ కళాకారుడు, షికాగోలో మెంఫిస్ మిన్నీతో గిటార్ పోటీలో తను ఓడిపోయిన సంగతి 1955లో వచ్చిన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. నిజాయితీ గల మనిషే. కానీ ఆమెను మెచ్చుకోవడానికి అతనికి దొరికిన మాట, మగాడిలా వాయిస్తుందని. రోజెటా థార్ప్‌కి కూడా ఆ కితాబే ఇచ్చారు. గెలిచినా ఆ గెలుపు మగవాళ్ల ఖాతాలోకే పోతుంది.

"దొరకలేదు పిన్నీ"

"వీడియోలు వుంటే కదా పెట్టేది? పాతకాలంలో ఆడవాళ్లు వాయించినవి దొరకవు" అన్నాడు రెండోసారి.

ఇందులో కొంత నిజం వుంది. కెమెరా ఎవరి ముందు నిలబడాలో కూడా సమాజమే నిర్ణయించింది. మెంఫిస్ మిన్నీ 1942 డిసెంబరు 31 రాత్రి షికాగోలోని ఒక క్లబ్బులో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తుంటే విని, కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1943 జనవరిలో షికాగో డిఫెండర్ పత్రికలో వ్యాసం రాశాడు. ఆమె గిటార్ మోతలో యంత్రాల మోతనీ, దక్షిణాది పొలాల నుంచి నగరానికి వలస వచ్చిన నల్లవాళ్ల జీవితాన్నీ విన్నాడు. డబ్బులు లెక్కపెట్టుకునే క్లబ్బు వాళ్లకి అదేమీ వినపడలేదని కూడా రాశాడు. ఆ రాత్రికి సాక్ష్యంగా మనకి ఆ వ్యాసం వుంది, ఆమె గొంతూ గిటారూ పలికే రికార్డులు వున్నాయి. బొమ్మ లేకపోతే ఆ పాట వినిపిస్తూ ఆమె ఫోటో చూపించలేమా?

కానీ 'దొరకవు' అనేది చాలాసార్లు 'వెతకలేదు' అనడానికి ఇంకో పేరు. 1964 మే నెలలో మాంచెస్టర్‌లో, మూతపడిన ఒక రైల్వే స్టేషన్‌లో గ్రెనడా టెలివిజన్ వాళ్లు కచేరీ చిత్రీకరించారు. ఒక ప్లాట్‌ఫారం మీద ప్రేక్షకులు, పట్టాలకు అవతలి ప్లాట్‌ఫారం మీద కళాకారులు. వాన పడుతోంది. రోజెటా థార్ప్, అప్పటికి 49 ఏళ్లు, పొడుగాటి కోటు వేసుకుని గుర్రబ్బండి దిగి, తెల్ల గిటార్ తగిలించుకుని వాన గురించిన భక్తి పాటే ఎత్తుకుంది. పాట మధ్యలో పాడటం ఆపి గిటార్‌తో మాట్లాడింది. ఆ ఫిల్ము భద్రంగా వుంది. మేరీ ఆస్బర్న్ 1958లో న్యూయార్క్ జాజ్ టెలివిజన్ కార్యక్రమంలో బిల్లీ హాలిడేకి గిటార్ వాయించిన దృశ్యం వుంది. నార్మా జీన్ వాఫర్డ్ 1966లో విడుదలైన ది బిగ్ టి.ఎన్.టి. షో అనే సినిమాలో బో డిడ్లీ పక్కన నిలబడి వాయించింది. జాజ్ గిటారిస్టు ఎమిలీ రెమ్లర్ 1990లో 32 ఏళ్లకే చనిపోయింది. ఆమె కూర్చుని ఓపిగ్గా పాఠం చెప్పిన వీడియోలు వున్నాయి. నైజర్ దేశంలో ఎడారి పల్లె నుంచి వచ్చిన ఫాతూ సైదీ ఘాలీ, అన్నయ్య తెచ్చిన గిటార్ మీద తనంతట తానే నేర్చుకుంది. అక్కడి టువారెగ్ గిటార్ బాణీ మగవాళ్ల పేరు మీద ప్రపంచమంతా తిరిగింది గానీ, ఆ బాణీకి వేర్లు స్త్రీలు వాయించే తెండే అనే డోలు పాటల్లో వున్నాయి. ఆమె బృందం ఆ డోలునీ గిటార్‌నీ మళ్లీ ఒకచోట చేర్చింది.

మరి ఆ అబ్బాయికి ఇవెందుకు దొరకలేదు? అతను వెతికింది పాత సంకలనాల్లో, పాత జాబితాల్లో. ఆ జాబితాలు అంతకుముందు జాబితాల్లోంచి పుట్టాయి. మొదటివాడు వదిలేసిన పేరుని పదోవాడు కూడా వదిలేస్తాడు. పైగా పదిమంది వదిలేశారంటే ఆ పేరుకి విలువ లేదనుకుంటాడు. ఎవరిలోనూ దురుద్దేశం వుండనక్కర్లేదు. పితృస్వామ్యం చాలావరకు ఇలాగే, ఎవరి తప్పూ లేకుండానే నడిచిపోతుంది.

ఆడవాళ్ల పెట్టె

"సరే పిన్నీ, ఆడవాళ్లది వేరే చేసిస్తాను." ఇది మూడో జవాబు. సమస్య తీరిపోయిందన్నట్టు చెప్పాడు.

రైల్లో ఆడవాళ్ల పెట్టె వున్నట్టు! ఆ పెట్టె మనకి అవసరమే. దాని కోసం పోరాడాం కూడా. కానీ ఆడవాళ్ల పెట్టె వుంది కాబట్టి మిగిలిన పెట్టెలన్నీ మగవాళ్లవని ఎవరూ రాసివ్వలేదు. 'ప్రపంచపు మేటి గిటార్' అని ఒకటీ, 'మేటి మహిళా గిటార్' అని ఇంకొకటీ పెడితే, మొదటిది ప్రపంచం అవుతుంది, రెండోది ఒక మూల అవుతుంది. ఆ మూలకి ఎలాంటివి చేరతాయో కూడా చూశాం. వేళ్లు వదిలేసి ముఖం మీదా ఒంటి మీదా నిలబడే కెమెరా, వయసు ముప్ఫై దాటని ముఖాలు. ఇక్కడ మాత్రం 'వేళ్లను మాత్రమే చూశాను' అనే నియమం ఎవరికీ గుర్తు రాదు. 1970లో మొదటి ఆల్బమ్ తెచ్చిన ఫ్యానీ బృందంలో గిటార్ వాయించిన జూన్ మిల్లింగ్టన్, ఆడపిల్లలైనా ఫరవాలేదు అనే తరహా మెచ్చుకోళ్లు తమకు ఎంత అలవాటైపోయాయో చెప్పింది. వేరే సంకలనం అనేది ఆ మెచ్చుకోలుకే వీడియో రూపం.

తెలుగులో మనకి ఈ అనుభవం వుంది. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని వీరేశలింగం గారు అశ్లీలమని పక్కన పెడితే, 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి ప్రతి సంపాదించి అచ్చు వేయించింది. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినవాళ్లు తెలంగాణ పోరాటంలో స్త్రీల గొంతుల్ని వేరే పుస్తకంగా వేశారు. అసలు పోరాట చరిత్రనే తిరిగి రాయాల్సి వస్తుందని వాళ్లకి తెలుసు. వేరే సంకలనం వెతికి పోగుచేసుకునే గాదె. అక్కడి నుంచి గింజలు పొలంలోకి వెళ్లాలి. గాదెలోనే వుండిపోమంటే ఒప్పుకోం.

"ఇప్పుడిదొక సమస్యా?"

ఈ వ్యాసం చిత్తుప్రతి చదివిన ఒక సహచరి ఇలా అడిగింది: కూలి రేట్లు, వరకట్న చావులు, బాల్యవివాహాలు ఇన్ని వుండగా అమెరికా గిటార్ గొడవ మనకెందుకు?

ఆమెకు నా జవాబు ఇది. మా హాస్టల్లో పిల్లల్లో ఎక్కువమంది పత్తి ఏరే కూలీల కూతుళ్లు. రోజెటా థార్ప్ కూడా పత్తి ఏరే కూలీల కూతురే. ఆ సంగతి వాళ్లకి చెప్పకుండా దాచే హక్కు మనకెవరిచ్చారు? పేద పిల్లకి తిండీ చదువూ చాలు, మోత మోగించే యంత్రం మీద ఆశ ఎందుకు అనేది కూడా ఒక రకం కొలబద్దే. 2018లో ఫెండర్ కంపెనీ అమెరికా, బ్రిటన్‌లలో చేయించిన సర్వేలో కొత్తగా గిటార్ పట్టేవాళ్లలో సగం మంది స్త్రీలని తేలింది. వాయించడానికి చేతులు ముందుకొస్తూనే వున్నాయి. చూపించేవాళ్లే వెనకబడి వున్నారు. ఒక పిల్ల తనకి ముందు ఎవరూ లేరనుకుని మొదలుపెడితే ప్రతిసారీ మొదటి మెట్టు దగ్గరే నిలబడుతుంది. అదీ నష్టం.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ పెన్‌డ్రైవ్‌ని ముందుగా చూడకుండా పిల్లల ముందు పెట్టింది నేనే. పాతికేళ్లుగా జెండర్ పాఠాలు చెప్తున్న నేను, సంగీతమే కదా అనుకున్నాను. మన సంస్థలు కూడా ఏటా వీడియోలు తయారుచేస్తాయి. వార్షికోత్సవానికి, దాతలకి, శిక్షణకి. వాటిలో అధికారికి పేరూ హోదా వేస్తాం, భూమి కోసం ఇరవై ఏళ్లు కోర్టు చుట్టూ తిరిగిన స్త్రీ కింద 'గ్రామీణ మహిళ' అని వేస్తాం. సోలో ఎవరిది, రిదమ్ ఎవరిది అనే ప్రశ్న మన బీరువాల్లో వున్న టేపులకి కూడా వర్తిస్తుంది.

అందుకని కొన్ని పనులు ప్రతిపాదిస్తున్నాను.

సంకలనం చేసే ప్రతివాళ్లూ ఏ కొలబద్దతో ఏరారో మొదట్లోనే రాయాలి. వేగం చూశామంటే వేగం అని పేరు పెట్టండి, 'మేటి' అని పెట్టకండి.

పాత జాబితాల్లోంచి కొత్త జాబితా చేయడం మానాలి. కనీసం సగం ముక్కలు జాబితాల బయట వెతికి తేవాలి.

సోలోతో పాటు, పాటని మోసిన చేతుల్ని కూడా చూపించాలి, పేర్లు వేయాలి.

స్త్రీల ముక్కల్ని చివర్లో గుత్తిగా కట్టకుండా, ఆ బాణీలో ఆ కాలంలో ఎక్కడ వుండాలో అక్కడే పెట్టాలి. 1964 మాంచెస్టర్ రాక్ గిటార్ మొదట్లో రావాలి, 'ఇంకా కొందరు' అనే పేజీలో కాదు.

మన సంస్థల వీడియోల్లో మాట్లాడే ప్రతి స్త్రీ పేరూ, ఆమె ఒప్పుకుంటే, తెర మీద వేయాలి.

ఆ అబ్బాయి అలగలేదు. రెండు నెలలు తీసుకుని సంకలనం మళ్లీ కూర్చాడు. ఇప్పుడు 41 ముక్కలు, రోజెటా థార్ప్ రెండోది. ఏ ముక్క తీసేయాలన్న దాని మీద మేమిద్దరం ఇంకా వాదించుకుంటూనే వున్నాం. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదవడానికి వేరే వూరు వెళ్లింది. రెండో సంకలనం ఆమెకి చేరాలి. హాస్టళ్లలో, సంఘాల్లో పనిచేసే మిత్రులు అడిగితే ప్రతి పంపిస్తాను. చూసి, మేం ఎవరిని వదిలేశామో తిరిగి రాయండి.